మార్చి కాగితం, జూలై కాగితం

జనవరి 10, గుంటూరు

ఈ ప్రయాణానికి బయలుదేరేటప్పుడు నా చేతిసంచిలో రెండు గాజు డబ్బీలు పెట్టుకున్నాను. ఒక్కోదానిలో రూపాయి బిళ్లంత ఫిల్టర్ కాగితపు ముక్క ఉంది. ఆ రెండూ ఉత్తర ధ్రువానికి సుమారు 1,230 కిలోమీటర్ల దూరంలో, స్వాల్‌బార్డ్ దీవుల్లోని నీ-ఆలెసున్ అనే చిన్న ఊరి గాలిని వడకట్టిన కాగితాలు. మన దేశం 2008 జూలై 1న ప్రారంభించిన హిమాద్రి పరిశోధన కేంద్రం ఆ ఊళ్లోనే ఉంది. భౌతికశాస్త్రం బోధించే నేను ఒకసారి మార్చిలోను, మరోసారి జూలైలోను అక్కడికి వెళ్లగలిగాను. నిమిషానికి వెయ్యి లీటర్ల గాలిని లాగే పంపు వారం రోజుల్లో ఒక్కో కాగితం గుండా సుమారు పదివేల ఘనమీటర్ల గాలిని పంపింది. రసాయన పరీక్షలకు కోసుకోగా మిగిలిన ముక్కలు ఇవి. మార్చి ముక్క లేత బూడిద రంగులో ఉంది. జూలై ముక్కను వాడని కాగితం పక్కన పెడితే తేడా చెప్పడం కష్టం.

అంత నిర్జన ప్రదేశంలో మార్చి నెలలో ఆ మసి ఎక్కడి నుంచి వచ్చింది, జూలై నాటికి ఎక్కడికి పోయింది అన్న ప్రశ్న నన్ను వదలలేదు. సంక్రాంతి రోజుల్లో మన కృష్ణ ఒడ్డున గాలి ఎంత బరువుగా ఉంటుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని కనుక, ఈ వారం గుంటూరు, విజయవాడల మధ్య తిరుగుతూ చిన్న పంపుతో నాలుగు గంటల చొప్పున గాలిని వడకట్టి, ఆ కాగితాలను ధ్రువప్రాంతపు కాగితాల పక్కన పెట్టి చూడాలనుకున్నాను. డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు తోడుగా వచ్చింది.

మొదటి మజిలీ మిర్చి యార్డు. కొత్త పంట రావడం మొదలైంది. హమాలీలు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించుతుంటే ఎర్రటి పొడి లేచి, గేటు దాటకముందే గొంతు పట్టేసింది. ఇక్కడ మేము పంపు పెట్టలేదు, చూడవలసింది వేరే ఉంది. ముక్కులో మంట పెట్టే ఆ పొడిలో అధికభాగం పెద్ద కణాలే. పది మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణం కదలని గాలిలో గంటకు సుమారు పది మీటర్లు దిగుతుంది కనుక, సాయంత్రానికి అది యార్డు నేల మీదే ఉంటుంది. మార్చిలో నీ-ఆలెసున్ గాలిలో నిండి ఉండే కణాలు ఒక మైక్రానులో అయిదో వంతు, పదో వంతు ఉంటాయి. అవి రోజంతా కలిపినా మూరెడు దిగవు. అంతకంటే బాగా చిన్న కణాలైతే అటూ ఇటూ వేగంగా కదులుతూ ఒకదానికొకటి అంటుకుని మాయమవుతాయి. ఈ నడిమి కణాలు కింద పడడానికి మరీ చిన్నవి, అంటుకుపోవడానికి మరీ పెద్దవి. వాటిని గాలిలో నుంచి తీసివేయగలిగేవి ముఖ్యంగా మబ్బు, వాన. అసలు కథ అంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

జనవరి 11, విజయవాడ

తెల్లవారుజామున నాలుగున్నరకు ప్రకాశం బ్యారేజీ మీదికి చేరాము. నది మీద గాలి కదలడం లేదు. దీపాల చుట్టూ పసుపు గుళ్లు కట్టినట్టు మంచు పేరుకుంది. సీతానగరం వైపు ఒడ్డు అసలు కనబడలేదు. ఆరున్నర దాటాక వెలుతురు వస్తుంటే, ఇంద్రకీలాద్రి పైభాగం ముందుగా బయటపడింది. దాని నడుము దగ్గర గీత గీసినట్టు ఒక అంచు ఉంది: పైన తేటగాలి, కింద పొగమంచు. కింది రోడ్డు మీద వెలిగించిన టీ పొయ్యి పొగ నిటారుగా లేచి, ఆ గీత దగ్గర ఆగి, పందిరిలా పక్కలకు పరుచుకుంది.

మేనకోడలు, "అత్తా, పైకి పోవడానికి దానికి అడ్డేముంది?" అని అడిగింది. అడ్డు వెచ్చటి గాలి. రాత్రంతా నేల తన వేడిని ఆకాశంలోకి వదిలి చల్లబడుతుంది, దాన్ని అంటుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. పైన ఉన్న గాలి దానికంటే వెచ్చగా ఉండిపోతుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లబడవలసిన గాలి ఇలా తలకిందులైనప్పుడు, కింద పుట్టిన పొగ మూత పెట్టిన కుండలో ఉన్నట్టు ఉండిపోతుంది. మన దగ్గర ఆ మూత తొమ్మిది, పది గంటలకు ఎండతో తొలగిపోతుంది. నీ-ఆలెసున్‌లో అక్టోబరు చివర్లో కుంగిన సూర్యుడు ఫిబ్రవరి నడిమికి గాని దిగంతం మీదికి రాడు. మన తెల్లవారుజాము అక్కడ దాదాపు నాలుగు నెలలన్నమాట. సూర్యుడు వచ్చిన తరువాత కూడా మంచునేల ఆ వెలుగును చాలావరకు తిప్పికొడుతుంది కనుక మూత వెంటనే లేవదు.

నేను మార్చిలో అక్కడ దిగినప్పుడు చూసిన ఆకాశం నాకు ఈ బ్యారేజీ మీద మళ్లీ గుర్తుకు వచ్చింది. స్వాల్‌బార్డ్‌లోని పెద్ద ఊరు లాంగియర్‌బీన్ నుంచి చిన్న విమానంలో వెళ్లాము. కిందికి చూస్తే కొండలు, హిమానీనదాలు స్పష్టంగా ఉన్నాయి, కాని దూరాన దిగంతం దగ్గర నీలిమ ఉండవలసిన చోట మురికి గోధుమరంగు పట్టీ ఉంది. అక్కడి వాళ్లు దాన్ని ఆర్కిటిక్ పొగమంచు అంటారు. అందులో ప్రధానంగా ఉండేది గంధకం నుంచి పుట్టే సల్ఫేటు; దానితో పాటు సేంద్రియ పదార్థాలు, సముద్రపు ఉప్పు, అమ్మోనియం, కొద్దిగా నల్ల కర్బనం, అంటే మసి. ఆ కణాల పరిమాణం వెలుగు తరంగాల పొడవుకు దగ్గరగా ఉన్నందువల్ల, బరువు తక్కువైనా చూపును బాగా మసకబరుస్తాయి. డిసెంబరు నుంచి పేరుకుంటూ మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇది పతాకస్థాయికి చేరుతుంది. మే, జూన్ నెలల్లో, చూస్తుండగానే, కొద్ది వారాల్లో తుడిచిపెట్టుకుపోతుంది.

చలికాలంలో ఎక్కువ బొగ్గు, నూనె కాలుస్తారు కనుక మసి ఎక్కువ అని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. కర్మాగారాలు జూన్‌లో కూడా నడుస్తూనే ఉంటాయి. చలికాలంలో అక్కడ గాలి పొడిగా ఉంటుంది. కురిసే కొద్దిపాటి మంచు, గాలిలోని కణాలను అంతగా పట్టుకోదు. అందుచేత ఒకసారి లోపలికి వచ్చిన కణం వారాల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఎండాకాలం రాగానే సముద్రం మీద పల్చటి మబ్బులు కమ్ముకుని, సన్నని జల్లు పడుతూ ఉంటుంది. ఆ జల్లు పెద్ద వాన కాదు, మన వాళ్లు దాన్ని వానగా కూడా లెక్కపెట్టరు. కాని అది రోజుల తరబడి పడుతుంది కనుక, దక్షిణం నుంచి వచ్చే కణాలను దారిలోనే కడిగేస్తుంది.

తొమ్మిదిన్నరకు పంపు ఆపి, చిన్న పట్టకారుతో కాగితాన్ని తీశాము. నిమిషానికి 16 లీటర్ల చొప్పున నాలుగు గంటల్లో దాని గుండా వెళ్లిన గాలి నాలుగు ఘనమీటర్లకు కొంచెం తక్కువ. దాన్ని మార్చి ముక్క పక్కన పెట్టాము. రంగు ఇంచుమించు ఒకటే. కాగితం వైశాల్యాలు వేరు కనుక దీన్ని సరిగ్గా తూచిన పోలిక అనలేను. అయినా ఒకవైపు పదివేల ఘనమీటర్లు, మరోవైపు నాలుగు. మేనకోడలు రెండు డబ్బీలనూ చాలాసేపు చేతిలోనే పట్టుకుంది.

జనవరి 12, ఇబ్రహీంపట్నం

పొద్దున్నే బస్సులో ఇబ్రహీంపట్నం వెళ్లాము. థర్మల్ కేంద్రపు పొడవైన గొట్టాల నుంచి పొగ, నిన్న బ్యారేజీ దగ్గర చూసిన మూతకు పైన, సన్నని తెల్లటి దారంలా కొండపల్లి కొండల వైపు సాగిపోతోంది. బొగ్గులో ఉన్న గంధకం కాలి వాయువుగా బయటికి వస్తుంది. ఆ వాయువు గాలిలో ప్రయాణిస్తూ, వెలుతురు సాయంతో నెమ్మదిగా సల్ఫేటు కణాలుగా మారుతుంది. కనుక పుట్టినచోట కనబడని మురికి వందల మైళ్ల అవతల కనబడవచ్చు. ఆర్కిటిక్‌లో జరిగింది అదే.

1950ల్లో అలాస్కా వైపు నుంచి ధ్రువప్రాంతం మీదుగా వాతావరణ పరిశీలనకు ఎగిరిన అమెరికా విమాన చోదకులు, మబ్బు లేని ఆకాశంలోనే చూపు ఆనని పొరలు ఉన్నాయని చెప్పారు. ముర్రే మిచెల్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు ఆ పరిశీలనలను నమోదు చేశాడు. అప్పట్లో ఆ మాట ఎవరూ అంతగా పట్టించుకోలేదు, ఎందుకంటే భూమి మీద అంతకంటే శుభ్రమైన చోటు లేదని అందరి నమ్మకం. 1970ల్లో గ్లెన్ షా అలాస్కాలో సూర్యకాంతిని కొలిచి, ఆ పొరలు నిజమేనని తేల్చాడు. కెన్నెత్ రాన్, తదితరులు మొదట అది ఆసియా ఎడారుల దుమ్మేమో అనుకున్నారు. తరువాత కణాల్లోని వనాడియం, మాంగనీసు వంటి లోహాల పాళ్లు చూసి, ఎక్కువభాగం ఐరోపా, రష్యా ప్రాంతాల కొలుముల నుంచి, చిమ్నీల నుంచి వస్తోందని గుర్తించారు. లోహం ముద్రలాంటిది. ఏ ఇంధనం, ఏ ఖనిజం కాలిందో అది చెబుతుంది.

అమెరికా, చైనాల్లో అంతకంటే ఎక్కువ కాలుస్తుండగా ఉత్తర యురేషియాకే ఈ పాత్ర ఎందుకు దక్కింది? చలికాలంలో ధ్రువప్రాంతపు చల్లటి గాలి గుమ్మటంలా విస్తరించి, సైబీరియా మీదుగా బాగా దక్షిణానికి వస్తుంది. నోరిల్స్క్ వంటి నికెల్ పట్టణాలు ఆ గుమ్మటం లోపలే పడతాయి. అక్కడి పొగకు అడ్డు గాని, వాన గాని ఉండదు. ఎండాకాలంలో గుమ్మటం ఉత్తరానికి కుంచించుకుపోతుంది.

మధ్యాహ్నానికి గాలి మారింది. కాగితం నిన్నటి కంటే కొంచెం తేలిక రంగులో వచ్చింది.

జనవరి 13, దుగ్గిరాల మీదుగా తెనాలి

ఉండవల్లి దాటాక కాలువ వెంట ప్రయాణం. వరి కోతలు చాలాచోట్ల ముగిశాయి. కొన్ని చేలలో కోతకు ముందే చల్లిన మినుము అప్పుడే పచ్చగా లేచింది. ఆ చేలల్లో ఎవరూ నిప్పు పెట్టరు. మొక్కజొన్న వేయదలచిన చేలలో మాత్రం మిషను కోత తరువాత మిగిలిన కొయ్యకాళ్లకు అక్కడక్కడ నిప్పు పెట్టారు. మధ్యాహ్నం మూడింటికి దుగ్గిరాల దగ్గర ఒక చేను గట్టు మీద పంపు నిలబెట్టాము. మంట పాకుతున్న వైపు నుంచి నల్లటి పీలికలు ఎగిరి వచ్చి మేనకోడలి చున్నీ మీద వాలాయి. వేలితో తాకితే నుసి అయిపోయాయి.

చేను గల పెద్దాయన వచ్చి, "ఏం కొలుస్తున్నారమ్మా?" అని అడిగాడు. చెప్పాను. రెండు డబ్బీలూ చూపించాను. ఆయన మార్చి ముక్కను ఎండకు ఎత్తి పట్టి చూసి, "అయితే మా పొగ అంతదూరం పోతుందంటారా?" అన్నాడు.

"మీ పొగ నేల మట్టాన అక్కడికి చేరడం అరుదు, బాబాయి గారూ," అన్నాను. ఇది ఆయనను సమాధానపరచడానికి అన్న మాట కాదు. మన వెచ్చటి గాలి ఉత్తరానికి పోతే, ఆ చల్లటి గుమ్మటంలోకి దూరలేక దాని వీపు మీదికి ఎక్కుతుంది; దక్షిణాసియా మసి అక్కడికి చేరినా కొన్ని కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. నీ-ఆలెసున్ కాగితం మీద పడ్డది ఎక్కువగా ఉత్తరాది పొగే. అయితే ఆ పొగలో కొంత ఇలాంటి రైతు చేలదే అని కూడా చెప్పాను.

2006 ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో ఉక్రెయిన్, బెలారుస్, పశ్చిమ రష్యా, బాల్టిక్ దేశాల్లో రైతులు పాత గడ్డిని, కొయ్యకాళ్లను తగలబెట్టారు. ఆ ఏడాది వసంతంలో స్వాల్‌బార్డ్ మామూలు కంటే చాలా వెచ్చగా ఉంది. అందువల్ల గుమ్మటానికి, దక్షిణపు గాలికి మధ్య ఉండే తేడా తగ్గి, పొగ నేల మట్టానే లోపలికి వచ్చింది. నీ-ఆలెసున్ ఊరి పైన, 474 మీటర్ల ఎత్తున ఉన్న జెప్పెలిన్ పరిశీలన కేంద్రంలో అప్పటివరకు నమోదు కానంత కాలుష్యం నమోదైంది. తెల్లగా ఉండవలసిన హిమానీనదపు మంచు రంగు మారింది. కొండలు కనబడకుండా పోయాయని అక్కడి వాళ్లు నాకు చెప్పారు. ఆ కొండ మీదికి తీగబండిలో ఎక్కుతున్నప్పుడు, చిన్న చెక్క గదుల లాంటి ఆ కేంద్రంలోకి చేల పొగ వచ్చిందన్న మాటను ఊహించుకోవడం నాకు కష్టమైంది. ఇవాళ గట్టు మీద నిలబడి చూస్తే ఊహించగలిగాను.

పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "గడ్డి కట్టలు కట్టే మిషను మా ఊరికి ఒక్కటే వస్తుంది, దాని వంతు వచ్చేసరికి అదను దాటిపోతుందమ్మా," అన్నాడు. ఆయన చెప్పింది సాకు కాదు. అదను దాటిన మొక్కజొన్న గింజ ఎక్కదని మా ఇంట్లో కూడా తెలుసు.

జనవరి 14, గుంటూరు

భోగి. తెల్లవారకముందే బ్రాడీపేటలో సందు సందునా మంటలు లేచాయి. పిల్లలు పిడకల దండలు వేశారు. మేడ మీద పెట్టిన పంపు కాగితం నాలుగు గంటలు కాదు, గంటలోపే నల్లబడి గాలి లాగడం మానేసింది, మార్చవలసి వచ్చింది. చెక్క, పిడక కాలినప్పుడు సెల్యులోజు విరిగి లెవోగ్లూకోసాన్ అనే చక్కెర లాంటి పదార్థం పుడుతుంది. బొగ్గు, పెట్రోలు కాలితే ఇది సాధారణంగా రాదు. జెప్పెలిన్ కొండ మీద కూడా దీన్ని కొలుస్తారు. కర్మాగారపు పొగ నుంచి కట్టెల పొగను, అడవి మంటల పొగను విడదీసి చూడడానికి ఇది ఆనవాలు. ఇంతకంటే ఈ రోజు రాయవలసింది లేదు.

జనవరి 15, గుంటూరు

పండుగ. పంపుకు సెలవు. సాయంత్రం మేడ మీద కూర్చున్నప్పుడు మేనకోడలు జూలై డబ్బీ తీసి, "అత్తా, అయితే ఎండాకాలంలో అక్కడ గాలిలో కణాలే ఉండవా?" అని అడిగింది.

నేను కూడా అలాగే అనుకుని వెళ్లాను. జూలైలో అక్కడ సూర్యుడు కుంగడు. మంచు కరిగి వాగులు పారుతుంటాయి, కొండ కొమ్ముల మీద సముద్రపక్షులు వేలకు వేలు అరుస్తుంటాయి. ఊళ్లో ఫోన్లలో వైఫై, బ్లూటూత్ ఆపి ఉంచాలి, సున్నితమైన రేడియో పరికరాలకు ఆటంకం కలగకూడదని. ఆ నిశ్శబ్దంలో పక్షులు, అలలు తప్ప ఏమీ వినబడవు. కాగితం తెల్లగా ఉంది. కాని కణాలను లెక్కపెట్టే యంత్రం దగ్గరికి పిలిచి ఒక సహచరుడు అంకెలు చూపించాడు. ఆ యంత్రం కంటికి కనబడని కణాల మీద ఆల్కహాలు ఆవిరిని ద్రవంగా పేరుకునేలా చేసి, వాటిని లావెక్కించి, ఒక్కొక్కటిగా వెలుగు ముందు నుంచి నడిపించి లెక్కపెడుతుంది. మధ్యాహ్నం వరకు ఘన సెంటీమీటరుకు వందల్లో ఉన్న లెక్క, కొద్ది గంటల్లో వేలకు ఎక్కింది. ఏ పొగా రాలేదు. ఆ కణాలు అక్కడే, ఆ గాలిలోనే పుట్టాయి.

సముద్రంలోని సూక్ష్మమైన నాచు డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువును వదులుతుంది. సముద్రపు వాసనలో ఒక భాగం అదే. ఎండలో అది గంధకామ్లంగా, దానికి దగ్గరి బంధువైన మరో ఆమ్లంగా మారుతుంది. పక్షుల రెట్ట నుంచి లేచే అమ్మోనియా తోడైతే అవి ముద్ద కట్టి కొన్ని నానోమీటర్ల (నానోమీటరు అంటే మైక్రానులో వెయ్యో వంతు) కణాలవుతాయి. ఇలా పుట్టడానికి గాలి శుభ్రంగా ఉండడం అవసరం, ఎందుకంటే పాత మసి కణాలు నిండుగా ఉంటే ఆ ఆవిర్లన్నీ వాటి మీదికే చేరిపోతాయి, కొత్తవి పుట్టే వీలుండదు. జల్లు పాత కణాలను కడగడం వల్లనే కొత్తవాటికి చోటు దొరుకుతోంది. మార్చిలో కణాలు తక్కువ సంఖ్యలో ఉన్నా పెద్దవి, బరువైనవి. జూలైలో ఎక్కువ సంఖ్యలో ఉన్నా ఎంతో చిన్నవి, బరువు లేనివి. అందుకే కాగితం తెల్లగా ఉంది. సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో వెలుతురు తగ్గి కొత్త కణాలు పుట్టడం ఆగిపోతుంది, దూరపు పొగ ఇంకా రాదు. ఏడాదిలో ఆ గాలి అన్నిటికంటే ఖాళీగా ఉండే రోజులు అవే. తరువాత చీకటితో పాటు మసి మళ్లీ పేరుకోవడం మొదలవుతుంది.

సోవియట్ రాజ్యం కూలిన తరువాత కర్మాగారాలు మూతపడడం వల్ల, ఐరోపాలో గంధకం మీద కట్టుబాట్లు రావడం వల్ల, 1980ల నాటితో పోలిస్తే ఆ చలికాలపు సల్ఫేటు బాగా తగ్గింది. కెనడా ఉత్తరాగ్రాన ఉన్న అలర్ట్ కేంద్రంలో 1980 నుంచి వారం వారం తీస్తున్న కాగితాలు దీనికి సాక్ష్యం. వాటిని అన్నేళ్లుగా మార్చుతూ వచ్చిన చేతులను తలచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. ఇప్పుడు భయం మరో వైపు నుంచి ఉంది: 2019, 2020 సంవత్సరాల్లో సైబీరియా అడవులు తగలబడినట్టు తరచుగా తగలబడితే, కడిగిన ఎండాకాలపు గాలిలోకే మసి చేరుతుంది, మంచు మీద పడిన మసి ఎండను పీల్చుకుని ఆ మంచునే కరిగిస్తుంది.

చీకటి పడ్డాక ఈ వారపు కాగితాలన్నిటినీ బల్ల మీద వరుసగా పరిచాము: బ్యారేజీ, ఇబ్రహీంపట్నం, దుగ్గిరాల, భోగివి రెండు. వాటి చివర మార్చి ముక్క, జూలై ముక్క. జూలై ముక్కకు జోడు లేదు. మేనకోడలు కొత్త డబ్బీ ఒకటి తీసి, లోపల వాడని కాగితం పెట్టి, మూత మీద పెన్నుతో "ప్రకాశం బ్యారేజీ, జూలై, వాన వెలిసిన మర్నాడు" అని రాసింది. తేదీకి చోటు ఖాళీగా వదిలింది.